ముద్దాయి దొరక్కపోతే పరిహారం రాదా?

యాంకర్: లాయర్ గారు స్టూడియోలోనే ఉన్నారు. లైన్లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా నుంచి ఒక అన్న. చెప్పండి అన్నా.

శ్రోత: నమస్తే మేడం, నమస్తే సార్. నిరుడు మా తమ్ముడు తునికాకుకు అడవికి పోయి మందుపాతర మీద కాలు పెట్టాడు. అక్కడికక్కడే పోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు. పరిహారం అడిగితే ‘పాతర పెట్టినోళ్లు ఎవరో తేలలేదు, కేసు తేలాక రండి’ అంటున్నారు.

లాయర్: ఎవరన్నారు?

శ్రోత: ఆఫీసులో ఒకాయన.

లాయర్: అదే మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు, చట్టంలో అలా లేదు కాబట్టి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్ చూడండి. పాత సీఆర్‌పీసీలో 357ఏ. నేరం చేసినవాడు దొరక్కపోయినా, కోర్టులో విచారణే జరక్కపోయినా, చనిపోయిన మనిషి మీద ఆధారపడ్డవాళ్లు పరిహారం అడగవచ్చు. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పెట్టాలి. వాళ్లు రెండు నెలల్లో ఎంక్వయిరీ ముగించాలి. కేసు తేలాకే డబ్బంటే ఎలా ఉంటుందో తెలుసా? దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న జరిగాయి. శిక్ష పడింది 2016లో, దాన్ని హైకోర్టు ఖాయం చేసింది 2025 ఏప్రిల్‌లో. అన్నేళ్లు పిల్లల ఫీజులు ఎవరు కడతారు?

యాంకర్: ఇది మావోయిస్టుల పాతర కదా సార్, ఉగ్రవాద బాధితుల కింద లెక్కేస్తారా?

లాయర్: ఆ సందేహం అక్కర్లేదమ్మా. కేంద్ర హోంశాఖ పథకం ఒకటుంది. ఉగ్రవాద దాడి, మతకలహం, నక్సల్ హింస, మందుపాతర అన్నీ అందులోనే. 2008లో 3 లక్షలతో మొదలై, 2016 ఆగస్టు నుంచి 5 లక్షలైంది. ఇది వేరు, నేను ముందు చెప్పింది వేరు. దీనికి కలెక్టర్ ఆఫీసుకి వెళ్లాలి. తమ్ముడి భార్యకి గానీ, ఇంట్లో ఇంకెవరికైనా గానీ ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చారా?

శ్రోత: లేదు సార్.

లాయర్: అయితే అడ్డు లేదు. ఉద్యోగం ఇచ్చి ఉంటే ఇది రాదు. రెండుచోట్లా పెట్టండి, ఒకచోట వచ్చింది ఇంకోచోట దాచకండి. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒక కవర్లో పెట్టుకోండి. ఇంకోటి, 5 లక్షలు వచ్చిన రోజే చేతికి రావు. మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్. మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. అప్పులోళ్లకి ముందే మాటివ్వకండి.

శ్రోత: ఒకాయన ముప్పై వేలిస్తే పని చేయిస్తానన్నాడు.

లాయర్: రూపాయి ఇవ్వకండి. మహిళలకి న్యాయసేవాధికార సంస్థే ఉచితంగా లాయర్‌ని పెడుతుంది. 15100కి ఫోన్ చేయమనండి మీ మరదలిని.

శ్రోత: ఉండండి సార్, అమ్మ మాట్లాడుతుందట.

తల్లి: సారూ, కొడుకు నావాడు. డబ్బంతా కోడలికేనా? రేపు పుట్టింటికి పోతే?

లాయర్: అమ్మా... కేంద్రం డబ్బు ముందు భార్యకే. అది మారదు. కానీ 396 కింద భార్య అని రాయలేదు, ఆధారపడ్డవాళ్లు అని రాశారు. కొడుకు సంపాదనతోనే మీ పొయ్యి వెలిగేదా?

తల్లి: వాడు తెస్తేనే తినేదాన్ని.

లాయర్: అయితే ఆ దరఖాస్తులో మీ పేరూ రాయించండి. కోడలిమీద పోటీగా కాదు, ఒకే కాగితంలో ఇద్దరి పేర్లూ. ఎవరికెంత అన్నది సంస్థ తేలుస్తుంది. కోడలు పక్కనే ఉందా?

తల్లి: ఉంది సారూ.

లాయర్: సోమవారం ఇద్దరూ కలిసే వెళ్లండి. గడువు గురించి అడిగితే ఆలస్యానికి కారణం రాసివ్వండి, ‘కేసు తేలాక రమ్మన్నారు’ అని.