ఇనులిన్ స్పేస్: బయటికి తీసిన కండరంలో కణబాహ్య ద్రవాన్ని కొలవడం

పరిశోధక విద్యార్థులందరికీ నమస్కారం.

ఎలుక కండరాన్ని బయటికి తీసి సోడియం కొలిస్తే వచ్చే అంకెలో కణాల లోపలి సోడియం, కణాల మధ్య ద్రవంలోని సోడియం రెండూ కలిసే ఉంటాయి. ఆ మధ్య ద్రవం ఎంతో తేలనిదే లోపలి సంగతి తేలదు.

ఒక లెక్క వేద్దాం. గ్రాము తడి కండరంలో నీరు 0.78 మి.లీ., సోడియం 55 మైక్రోమోల్స్ అనుకోండి. కండరాన్ని నానబెట్టే క్రెబ్స్-హెన్‌సెలైట్ ద్రావణంలో సోడియం 143 మిల్లీమోలార్. కణబాహ్య ద్రవం 0.25 మి.లీ. అయితే దాదాపు 36 మైక్రోమోల్స్ దానికే పోతాయి. మిగిలిన 19ని 0.53 మి.లీ. కణజలంతో భాగిస్తే 36 మిల్లీమోలార్. అదే ద్రవాన్ని 0.30 అని లెక్కించారా, జవాబు 25కి పడిపోతుంది! పొటాషియం మాత్రం అదే తేడాకు పది శాతమే కదులుతుంది. అందుకే ఈ కొలత సోడియం దగ్గర అతి కీలకం.

కొలిచే సూత్రం తేలికే. కణంలోకి దూరని పదార్థాన్ని (మార్కర్) ద్రావణంలో కలిపి, కండరాన్ని నానబెట్టి, గ్రాము కండరంలోని కౌంట్లను (రేడియోధార్మికత అంకెలను) మి.లీ. ద్రావణంలోని కౌంట్లతో భాగిస్తాం; వచ్చేదే ఆ మార్కర్ ‘స్పేస్’, అంటే గ్రాము కండరంలో అది చేరిన ద్రవం. ఎక్కువగా వాడేది రేడియోధార్మిక కార్బన్-14తో గుర్తు పెట్టిన ఇనులిన్ (ఫ్రక్టోజ్ చక్కెర గొలుసు); అణుభారం సుమారు 5,000.

కండరం ఎంపికలోనే సగం పని ఉంది. డయాఫ్రమ్‌ను పక్కటెముక దగ్గర కోస్తే తంతువులు తెగుతాయి, తెగిన కొసల్లోంచి ఇనులిన్ లోపలికి వెళ్తుంది. చిన్న వయసు ఎలుక పిక్కలోని సోలియస్ కండరాన్ని టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) నుంచి టెండన్ వరకు తీస్తే ఆ బెడద లేదు. సన్నగా ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ మధ్యదాకా అందుతుంది. నానబెట్టే ద్రావణానికి 37 డిగ్రీలు, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. వేర్వేరు కండరాలను 15, 30, 60, 90, 120 నిమిషాల దగ్గర తీసి, కాలంతోపాటు స్పేస్ ఎలా మారిందో గీత గీయండి. గీత త్వరగా ఎక్కి సమంగా నిలవాలి. నిలవకుండా నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటే ఇనులిన్ కణాల్లోకి చేరుతోందనో, కణాలు దెబ్బతింటున్నాయనో అనుమానించాలి. ఒక్క గంట దగ్గరే కొలిచి ఆగిపోయిన అంకెను నేను నమ్మను.

ఇక అద్దడం. తీసిన కండరం ఉపరితలంపై ద్రావణపు పొర ఉంటుంది. 30 మి.గ్రా. కండరానికి 2 మి.గ్రా. పొర అంటుకుంటే 0.25 కాస్తా 0.297 అవుతుంది. గట్టిగా నొక్కితే అసలు ద్రవమే కాగితంలోకి పోతుంది. రెండు ఫిల్టర్ పేపర్ల మధ్య పెట్టి, ప్రతిసారీ ఒకే తూనిరాయి, అన్నే సెకన్లు. టెండన్లు, దారాలు ముందే కత్తిరించి, మూతగల సీసాలో వెంటనే తూచండి.

అయితే పొర వల్ల వచ్చే తప్పుకు చక్కని విరుగుడు ఉంది. సోడియం, ఇనులిన్, నీరు మూడూ అదే ముక్కలో కొలవండి. పొరలోని సోడియం ఇనులిన్‌తోపాటే లెక్కలోకి వచ్చి, తీసివేతలో దానితోపాటే పోతుంది. ఇనులిన్ ఒక కండరంలో, సోడియం మరో కండరంలో కొలిస్తే ఈ రక్షణ ఉండదు. ముక్కను 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి, 0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, కొంత సోడియం కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్‌కు, కొంత రేడియోధార్మికత కొలిచే సింటిలేషన్ కౌంటర్‌కు పంపవచ్చు. ఆమ్లం కౌంట్లను అణచివేస్తుంది కాబట్టి ద్రావణపు ప్రమాణ సీసాలో కూడా లేబుల్ లేని కండరం నుంచి తీసిన ఆమ్లసారాన్ని అంతే కొలతలో కలపాలి.

ఒకే ముక్క పద్ధతికి లొంగని తప్పు ఇనులిన్‌లోనే ఉంటుంది. పాతబడిన నిల్వలో ఫ్రక్టోజ్, చిన్న ముక్కలు చేరతాయి. అవి కణాల్లోకి వెళ్లి స్పేస్‌ను పెంచి చూపిస్తాయి. వాడే ముందు, అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే సెఫాడెక్స్ జి-25 జెల్ గుండా పంపండి. రంగు పద్ధతి ఎంచుకున్నవారికి ఇంకో చిక్కు: చక్కెరలతో కలిసి రంగునిచ్చే ఆంత్రోన్‌తో ద్రావణంలోని గ్లూకోజ్, కండరంలోని గ్లైకోజెన్ కూడా రంగునిస్తాయి. ఇనులిన్ లేని కండరాన్ని అదే తీరున నడిపి ఆ విలువ తీసివేయాల్సిందే.

అణుభారం 182 ఉన్న మానిటాల్‌తో కొలిస్తే సాధారణంగా ఇనులిన్ కంటే పెద్ద స్పేస్ వస్తుంది. కొలాజెన్ వల మధ్య ఇరుకు చోట్లలోకి పెద్ద అణువు పోలేదు, సోడియం మాత్రం పోగలదు. కాబట్టి రెండు మార్కర్లతోనూ కొలిచి, రెండింటితోనూ కణసోడియం లెక్కకట్టి, రెండు జవాబులూ పట్టికలో పక్కపక్కన వేయండి.