శ్రీకాకుళంలో నంబర్ వన్ కోచింగ్ సెంటర్ ఏదంటే... జెరాక్స్ షాపు!

అవును, మళ్ళీ అదే మాట అంటున్నాను. పోయిన వీడియోలో "ఎంట్రన్స్ పరీక్షల కోసం ఏడాది పొడుగునా ఇచ్చే లాంగ్ టర్మ్ కోచింగ్‌కి లక్షలు పొయ్యకండి, అందులో వందో వంతు పట్టుకుని జెరాక్స్ షాపుకి వెళ్ళండి" అన్నానని కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. ఒకాయనైతే "నీకేటి తెలుసని మాట్లాడతావు బాబూ, మా గుంటడి జీవితంతో ఆడుకుంటావా" అని రాశారు. సరే, బాధ్యత ఉన్న తండ్రి, కోపం వచ్చింది, అర్థం చేసుకుంటాను. కానీ వెనక్కి తగ్గను. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఎంట్రన్స్ రాసే పిల్లలకి అన్నిటికన్నా బాగా పనికొచ్చే కోచింగ్ సెంటర్ జెరాక్స్ షాపే. కాదన్నవాళ్ళు వీడియో పూర్తిగా చూసి అప్పుడు తిట్టండి. మధ్యలో వదిలేసి తిడితే ఒప్పుకోను.

ముందు కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ప్రకటనల్లో ఆ అరుపుల సంగతి. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం టీవీ పెడితే చాలు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు... ఊపిరి తీసుకోకుండా అరిచే ఆ గొంతు మీకు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. అన్నం తింటున్న నాన్న చెయ్యి కంచంలో ఆగిపోతుంది. మనవాడిని కూడా అక్కడ పడేస్తే సరిపోయేదేమో అనుకుంటాడు. ఆ ఒక్క ఆలోచన కోసమే కోట్లు పెట్టి ఆ ప్రకటన వేసేది, పాఠం బాగా చెప్తారని మీకు తెలియడానికి కాదు. ఆ ఫోటోలోని పిల్ల అక్కడ రెండేళ్ళు చదివిందా, చివర్లో నాలుగు టెస్టులు రాసి వెళ్ళిందా? ఫీజు కట్టిందా, ఫ్రీగా చేర్చుకున్నారా? ఇవన్నీ ప్రకటనలో చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు, కోర్సు పేరు, ఎన్నాళ్ళ కోర్సు, డబ్బు కట్టి చేరారా లేదా అన్నీ రాయాలి. ఈసారి పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన వచ్చినప్పుడు భూతద్దం పట్టుకుని వెతకండి. దొరికితే నాకు ఫోటో తీసి పంపండి, నేను కూడా చూసి సంతోషిస్తాను.

ఇక డబ్బు. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అంటే లక్షకి పద్దెనిమిది వేలు. ఆ పద్దెనిమిది వేలకి ఒక్క పాఠం కూడా ఎక్కువ చెప్పరు కదా! హాస్టల్ వేరే, మెస్ వేరే, "మెటీరియల్" అని పేరు పెట్టి ఇచ్చే ఆ నిగనిగలాడే పుస్తకాల మూట వేరే. అమ్మ డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుంటుంది, పిల్ల పెళ్ళికని దాచిన గొలుసు బ్యాంకులోకి వెళ్తుంది. పలాసలో జీడిపప్పు వలిచి రోజు కూలి తెచ్చుకునే తల్లి ఎన్ని పిక్కలు వలిస్తే ఆ జీఎస్టీ ఒక్కటి తేలుతుందో ఆలోచించండి. మా చిన్నాన్న కొడుకు అలాగే చేరాడు, ఎక్కడో పేరు చెప్పను. ఏడాది తర్వాత ఇంటికి వచ్చాక వాడి ట్రంకు పెట్టె తీసి చూశాను. పుస్తకాలు పేజీలు అతుక్కునే ఉన్నాయి, విడదీసిన గుర్తు లేదు. నోట్స్ మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు, మూడు రంగుల పెన్నులు, అండర్‌లైన్లు. "ఎన్ని పేపర్లు రాశావురా, టైము పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా?" అని అడిగితే నా మొహం చూడలేదు.

అదే నేను చెప్పేది. పాఠం వినడానికి ఈ రోజుల్లో ఎవడూ రూపాయి కట్టక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి ఎంట్రన్స్ రాసే పిల్లల కోసం పెట్టిన సాథీ పోర్టల్ ఫ్రీ. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వాళ్ళ సైట్‌లో పీడీఎఫ్‌లు ఫ్రీ. యూట్యూబ్‌లో ఇంటిగ్రేషన్ చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని వింటూ కూర్చుంటే మీ పరీక్ష అయిపోయి, మీ తమ్ముడి పరీక్ష కూడా అయిపోతుంది. పాఠానికి కరువు లేదు. మూడు గంటలు కదలకుండా కూర్చుని, పేపరు రాసి, తప్పులు తనే ఎర్ర పెన్నుతో కొట్టుకునే ఓపికకే కరువు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చారు కదా, పక్కవాళ్ళు బరువులు ఎత్తుతుంటే చూసి తెచ్చారా?

మొన్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక జెరాక్స్ షాపులో నిలబడ్డాను, నా ఆధార్ కాపీ కోసం. పక్కన ఇంటర్ సెకండియర్ పిల్ల, పెన్‌డ్రైవ్‌లో ఈఏపీసెట్, అదే మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లకి పెట్టే ఎంట్రన్స్, పాత పేపరు తెచ్చింది. ఆ పీడీఎఫ్ మీరు చూసే ఉంటారు, ప్రతి ప్రశ్న పైన క్వశ్చన్ ఐడీ అని బారెడు నంబరు, కింద ఆప్షన్లకి మళ్ళీ నంబర్లు, పేజీలో సగం ఖాళీ. ఉన్నది ఉన్నట్టు ప్రింట్ కొడితే కట్ట అవుతుంది. షాపాయన స్క్రీన్ చూసి, "ఏటమ్మా, ఇన్ని పేజీలు ఎందుకు దండగ? నాలుగు పేజీలు ఒక పక్క, నాలుగు ఇంకో పక్క కొట్టేస్తాను, అక్షరం కనిపిస్తుందో లేదో చూసుకో" అన్నాడు. ఆ పిల్ల చూసుకుంది. తర్వాత అన్న మాట విని నేను ఆధార్ సంగతి మర్చిపోయాను: "కనిపిస్తాది అన్నా, పెన్సిల్‌తోనే రాస్తాను, చెరిపేసి మా చెల్లికి ఇవ్వాలి."

అదండీ బడ్జెట్ ప్రిపరేషన్ అంటే! లెక్క వేద్దాం. పేపరు ఎనభై పేజీలు అనుకోండి, నాలుగు చొప్పున రెండు పక్కలా కొడితే పది షీట్లు, షీటుకి మూడు రూపాయలు వేసుకున్నా ముప్ఫై. ఇరవై పేపర్లకి ఆరు వందలు. 2025లో ఓసీ పిల్లలకి ఈఏపీసెట్ దరఖాస్తు ఫీజే ఆరు వందలు! ఈ లెక్క ఎవడైనా తప్పని నిరూపిస్తే ఆ ఇరవై పేపర్ల ప్రింట్ నేనే కొట్టించి ఇస్తాను.

"పాత పేపర్లు అందరూ చేస్తారు, ఇందులో కొత్తేముంది" అంటారు. చెయ్యరు. చేస్తామని చెప్తారు. టెలిగ్రామ్‌లో ఫోల్డర్ దాచుకుంటారు, దాచుకున్నందుకే సగం చదివేసినట్టు ఫీలవుతారు. ఫోన్‌లో పేపరు తెరిచి, ప్రశ్న చదివి, "ఆఁ ఇది తెలుసు" అనుకుని కిందకి జరిపేస్తారు. రాయరు. అందుకే ప్రింట్ అంటున్నాను. ముప్ఫై రూపాయలు పోసి కొట్టించిన కాగితం బల్ల మీద ఖాళీగా పడి ఉంటే మీ అమ్మకి కనిపిస్తుంది, ఫోన్‌లో ఫోల్డర్ ఎవరికీ కనిపించదు. నా థియరీ మొత్తం ఇంతే. నవ్వుకోండి పర్లేదు.

పేపరు రాస్తే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయి. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకి అరవై ఏడు సెకన్లు, అంతే. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఏ పాఠంలోనూ మాస్టారు అరవై ఏడు సెకన్లలో లెక్క ముగించరు, ఆయన సూత్రం రాయడానికే మూడు నిమిషాలు తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. మొదటిసారి టైము పెట్టుకుని రాసినప్పుడు మ్యాథ్స్‌లోనే రెండు గంటలు కరిగిపోయి, కెమిస్ట్రీ ముట్టుకోకుండానే గంట కొట్టేస్తుంది. ఆ దెబ్బ ఇంట్లో తినాలి, సెంటర్లో కాదు. ముందు కెమిస్ట్రీ ముగించేసి తర్వాత మ్యాథ్స్‌కి వెళ్ళాలా అన్నది ఎవరికి వాళ్ళు నాలుగైదు పేపర్లు రాసి తేల్చుకోవాల్సిందే.

ఇంకోటి, ఇది వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఈఏపీసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు. లేవు! అయినా ప్రతి ఏడాదీ ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చే పిల్లలు ఉంటారు. "తెలియలేదు అన్నా, వదిలేశాను." ఏటి వదిలేసేది? నలభై ప్రశ్నలు వదిలేశావు అనుకో, కళ్ళు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ నొక్కినా సగటున పది మార్కులు. మధ్య ర్యాంకుల్లో పది మార్కులంటే వేల ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. ఎన్‌ఐటీల్లాంటి కాలేజీల కోసం దేశమంతా రాసే జేఈఈ మెయిన్‌లో మాత్రం ఆ పని చెయ్యకండి, అక్కడ రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. ఒకే నెలల్లో రెండు పరీక్షలకీ తయారవుతూ రెండు రూల్సూ కలిపేసుకునేవాళ్ళని చూశాను.

జేఈఈ మెయిన్ పేపర్లకి కొదవే లేదు. 2025 జనవరిలో బీటెక్ పేపరు ఒక్కటే పది షిఫ్టుల్లో జరిగింది, అంటే పది వేర్వేరు పేపర్లు, ఫ్రీగా. పాతవి తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త, 2021 నుంచి 2024 వరకు పేపర్లలో 90 ప్రశ్నలు ఇచ్చి కొన్నిటికి ఛాయిస్ పెట్టేవారు, 2025 నుంచి ఛాయిస్ తీసేసి 75 చేశారు. మీకు నచ్చినవి ఏరుకుని మార్కులు వేసుకుని మురిసిపోకండి. డాక్టరు సీటు కోసం నీట్ రాసేవాళ్ళకి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో సగం బయాలజీ. బయాలజీకి లక్షలు పోసి కొత్త పుస్తకాలు కొనేవాళ్ళకి నా దండం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం బొమ్మల కింద చిన్న అక్షరాల్లో ఉండే వాక్యాలు కూడా వదలకుండా చదవండి ముందు.

ఈఏపీసెట్, జేఈఈ కంప్యూటర్ మీద కదా, కాగితం మీద రాస్తే ఏం లాభం అని అడిగారు. మంచి ప్రశ్నే. కాగితం తొంభై శాతం పని చేస్తుంది, మిగతా పది శాతం మౌస్. మెళియాపుట్టి మండలం పల్లెల వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఫోన్ మీద వేలితో ఆడుకున్నవాళ్ళే, మౌస్ పట్టుకున్నవాళ్ళు కాదు. సెంటర్లో కూర్చున్నాక "సేవ్ అండ్ నెక్స్ట్" ఎక్కడుందో వెతుక్కుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. పరీక్ష సైట్లలోనే మాక్ టెస్టులు ఫ్రీగా ఉంటాయి. నెట్ సెంటర్‌కి రెండు ఆదివారాలు వెళ్ళి రాసి రండి. నెట్ సెంటర్ ఉండేది కూడా జెరాక్స్ షాపులోనే, చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం!

"డౌట్లు ఎవరు చెప్తారు?" అందరూ ఇదే పట్టుకున్నారు. వంద మందిని ఒక సెక్షన్‌లో కూర్చోబెట్టిన చోట మీవాడు ఎప్పుడు లేచి డౌటు అడిగాడో ముందు వాడినే అడగండి. సర్కారు జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉంటే ఆయన్ని పట్టుకోండి. తప్పిన ప్రశ్నలు ఐదే ఐదు కాగితం మీద రాసుకుని స్టాఫ్‌రూమ్ ముందు నిలబడితే కాదనేవాళ్ళు తక్కువ. లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉందా, అప్పుడు తిట్టాల్సింది నన్ను కాదు, దాని మీద వేరే వీడియో పెట్టి నేనే తిడతాను. ఇంకో సంగతి, ఆ ఇంటర్ మార్కులకే ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఉంది. ఎంట్రన్స్ మోజులో పడి పబ్లిక్ పరీక్షని గాలికి వదిలేసేవాళ్ళు ఆ పాతిక శాతాన్ని ఉట్టిపుణ్యానికి పారేసుకుంటున్నారు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చూస్తుంటే ఇది వినండి. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ ఉంది, 2016 నుంచి. అందులో సీటు పదో తరగతి మార్కుల మీద, సర్కారు బడి పిల్లలకి అదనంగా కొంత కలుపుతారు కూడా. మన గుమ్మంలో పెట్టుకుని ఫౌండేషన్ కోర్సని చెప్పి ఎనిమిదో తరగతి పిల్లాడిని వైజాగ్ హాస్టల్లో పడేస్తున్నారు! 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్ళు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని మార్గదర్శకాలు ఇచ్చిన సంగతి ఆ హాస్టల్ గేటు దగ్గర ఎవరైనా అంటించారా?

సరే, గొంతు పోతోంది. ఈ ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ఏదో ఒక పేపరు మొదలుపెట్టండి, ఫోన్ అమ్మకి ఇచ్చేసి. పన్నెండుకి ఆపి, దిద్దుకుని, వచ్చిన మార్కులు కింద కామెంట్లో పెట్టండి, నలభై వచ్చినా పెట్టండి, ఎవరూ నవ్వరు, నవ్వినవాడిని నేను బ్లాక్ చేస్తాను. జేఈఈ మెయిన్‌లో 300కి 299 వచ్చిందని మాత్రం రాయకండి. ఆ మార్కు ఎవరికీ రాదు, ఎందుకు రాదో లెక్క వేసుకోండి.