వారానికి 23 గంటలు ఎవర్ని అడుగుదాం?

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరుసలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులకు నమస్కారం.

నాకు 38 ఏళ్లు. వారాసిగూడలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో నేనూ మా బాబూ ఉంటాం. పగలు అబిడ్స్‌లో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లో పని. ఇంటర్ అయిన పద్దెనిమిదేళ్లకు ఆన్‌లైన్‌లో బీకాం చేరాను. చేరేటప్పుడు ఫీజెంత అని పది సార్లు అడిగాను. గంటలెన్ని అని ఒక్కసారీ అడగలేదు. మీరు అడగాలి, అందుకే వచ్చాను.

లెక్క ఇదీ. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. వీడియో పాఠం, పుస్తకం, అసైన్‌మెంట్ అన్నీ కలిపి. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. అలాంటివి ఐదుంటే సెమిస్టర్‌కు 600. ఆరు నెలల్లో 26 వారాలు వేసుకోండి, వారానికి 23 గంటలు దాటుతుంది. "ఇంట్లో కూర్చుని తీరిగ్గా చదువుకోవచ్చు మేడమ్" అని ఫోన్ చేసేవాళ్లు ఈ అంకె చెప్పరు.

మొదటి సెమిస్టర్లో బాబు పడుకున్నాక, రాత్రి పదిన్నరకు, బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి పాఠం పెట్టుకునేదాన్ని. పదకొండు కాకముందే అక్షరాలు అలుక్కుపోయేవి. ఇన్నేళ్లకు చదువు నాకెక్కదేమో అని ఏడ్చాను. తర్వాత నోట్‌బుక్‌లో రాసి చూసుకుంటే వారానికి నాకు దొరికింది తొమ్మిది గంటలు. తొమ్మిది గంటల్లో రెండు పేపర్లకు మించి ఎవరికైనా సాగదు. ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువుంది. జూన్‌లో రాయలేని పేపరు డిసెంబరులో రాయొచ్చు. ఆ వెసులుబాటు మన కోసమే పెట్టారు, వాడుకోవడానికి నామోషీ పడకండి.

ఇంకో సంగతి. ఆన్‌లైన్ పరీక్షంటే కెమెరా ముందు ఒక్కరమే ఉండాలి. మనది ఒకటే గది. నా రెండో పరీక్ష రోజు బాబుకు జ్వరం. మంచం మీద పడుకోబెట్టి, తల తడిబట్టతో తుడిచి, కదలొద్దని చెప్పి కూర్చున్నాను. నలభై నిమిషాలకు "అమ్మా, నీళ్లు" అంటూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక. నేను లేచి నీళ్లిచ్చి వచ్చేసరికి పేపరు మూసుకుపోయింది. మెయిల్ రాస్తే నిబంధన అతికించి పంపారు. వాడికి నీళ్లిచ్చినందుకు నాకు ఈనాటికీ విచారం లేదు. కానీ కింది పోర్షన్ ఆంటీని ముందురోజే అడిగి ఉండాల్సింది. తర్వాతి పరీక్షకు అడిగాను. "ఇంత చిన్న మాటకు ఇన్నాళ్లు మొహమాటపడ్డావా తల్లీ" అంది. ఇప్పుడు ఆదివారం పొద్దున మూడు గంటలు బాబు ఆమె దగ్గరే. షాపు సేఠ్‌ను కూడా అడిగాను, పరీక్షల నెలలో సాయంత్రం గంట ముందు వదులుతున్నాడు.

కెమెరా గొడవ పడలేనివాళ్లకు దూరవిద్య ఉంది. పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాస్తాం. జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది, 1982లో దేశంలోకెల్లా మొదటి ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది అదే. ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెండూ మామూలు డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ, అంటే యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ, చెప్పింది. అయితే ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) అనుమతి ఉండాలి. డబ్బు కట్టకముందే వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి. ఆన్‌లైన్‌లో ఇంజనీరింగ్, నర్సింగ్, లా డిగ్రీ ఇప్పిస్తామంటే నమ్మొద్దు.

చివరగా పేరు. ఇప్పుడు చేరాలంటే ఆ విభాగం వెబ్‌సైట్లో తీసుకునే డెబ్ ఐడీ కావాలి, దానికి ముందు ఆధార్‌తో ఏబీసీ ఐడీ, అంటే మన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, తీయాలి. మన పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది. భర్త పోయినవాళ్లకు, విడిపోయినవాళ్లకు ఈ చిక్కు ఇంకా నొప్పిగా ఉంటుంది. ఏ పేరు ఉంచుకోవాలో మీ ఇష్టం. రెండు కాగితాల్లో ఒకటే ఉండేలా అడ్మిషన్ల గడువుకు చాలా ముందే సరిచేయించుకోండి.

మీటింగ్ అయ్యాక గంటసేపు నేను ఇక్కడే, ఈ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. మెమో, ఆధార్ ఫోటోలు ఫోన్‌లో ఉన్నవాళ్లు రండి, అక్షరం అక్షరం పోల్చి చూద్దాం. పిల్లలతో వచ్చినవాళ్లు ముందు రండి.