బ్రాయిలర్ దాణాలో లైసిన్, మిథియోనిన్: ఫోన్-ఇన్‌లో రైతుల ప్రశ్నలు, డాక్టర్ గారి జవాబులు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు బ్రాయిలర్ కోళ్ల దాణాలో అమైనో ఆమ్లాల గురించి, అంటే మాంసకృత్తులు ఏ ముక్కలతో తయారవుతాయో ఆ లైసిన్, మిథియోనిన్ లాంటి వాటి గురించి మాట్లాడుకుందాం. కోళ్ల పోషణలో దీర్ఘకాల అనుభవం ఉన్న పశువైద్యులు స్టూడియోలో ఉన్నారు. డాక్టర్ గారూ, నమస్కారం.

డాక్టర్: నమస్కారమండీ. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. బస్తా మీద రాసిన మాంసకృత్తుల శాతం చూసి మోసపోకండి. మనం అన్నంలో పప్పు ఎందుకు కలుపుకుంటాం? బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మిథియోనిన్ తక్కువ, ఆ లోటును అన్నం పూడుస్తుంది. కోడికి మొక్కజొన్న అన్నం, సోయా పప్పు. కానీ 40 గ్రాముల పిల్ల 40 రోజుల్లో 2 కిలోలు దాటాలంటే ఈ రెండూ కలిసినా చాలవు. ముందు మిథియోనిన్ తరుగు పడుతుంది, ఆ వెంటనే లైసిన్, తర్వాత త్రియోనిన్. ఆ తరుగు మేరకే వాటిని పొడి రూపంలో కలుపుతాం.

వ్యాఖ్యాత: మొదటి ఫోను సత్తుపల్లి నుంచి. చెప్పండి.

రైతు (సత్తుపల్లి): నమస్కారం సార్. మాది చిన్న షెడ్డు, 1,500 కోళ్లు. కంపెనీతో సంబంధం లేదు. పిల్లలు కొనుక్కుంటాం, దాణా మేమే కలుపుకుంటాం, చుట్టుపక్కల దుకాణాలకు అమ్ముకుంటాం. మా నాన్నగారి రోజుల నుంచీ కోళ్లున్నాయి, అప్పట్లో గుడ్ల కోళ్లు ఉండేవి, తర్వాత ఆ షెడ్డు గాలివానకు పడిపోయింది, మళ్ళీ కట్టి బ్రాయిలర్‌లోకి వచ్చాం. ఇప్పుడు ఈ బ్యాచ్‌కి 24 రోజులు. ఎప్పుడూ లేనిది, బరువు రావడం లేదు. మొన్న 21వ రోజున పది కోళ్లను తూచితే సగటున 550 గ్రాములు వచ్చింది.

డాక్టర్: 550 చాలా తక్కువ. 21 రోజులకు 850 గ్రాములైనా దాటాలి. టీకాలు వేయించారా? రెట్టల్లో రక్తం పడిందా?

రైతు (సత్తుపల్లి): టీకాలన్నీ వేయించాం సార్. రక్తం లేదు. చనిపోయినవి కూడా పెద్దగా లేవు. మేత తింటున్నాయి. తింటున్నాయి కానీ ఒంటికి పట్టడం లేదు.

డాక్టర్: దాణాలో ఏమైనా మార్చారా?

రైతు (సత్తుపల్లి): అదే చెప్పబోతున్నాను. ఇంతకుముందు వంద కిలోలకు 60 మొక్కజొన్న, 30 సోయా వేసేవాళ్లం. మిగతా పది నూనె, ఖనిజ లవణాలు అవీ. సోయా ధర పెరిగిందని ఈసారి 15 కిలోలు తగ్గించి ఆ 15 వేరుశనగ చెక్క వేశాం. పరీక్ష కూడా చేయించాను సార్, ఊరికే వేయలేదు. సోయాలో మాంసకృత్తులు 45 శాతం వచ్చింది, చెక్కలో 44. ఒక్క శాతమే కదా తేడా.

డాక్టర్: ఇదిగో, నేను మొదట చెప్పింది ఇదే. శాతం చూసి మోసపోయారు. తప్పు మీది కాదు, కాగితం మీద ఆ ఒక్క అంకె మాత్రమే ఇస్తారు. సోయా చెక్క వంద కిలోల్లో లైసిన్ 2.8 కిలోల దాకా ఉంటుంది. వేరుశనగ చెక్కలో దాదాపు 1.5 కిలోలు. మిథియోనిన్ కూడా సోయా కంటే తక్కువే. మాంసకృత్తులు సమానం, లైసిన్ సగం. ఉదయం షెడ్డులోకి వెళ్లగానే కళ్లు మండుతున్నాయా?

రైతు (సత్తుపల్లి): మండుతున్నాయి సార్! కోళ్ల కింద పరిచిన ఊక కూడా తడిగా ముద్ద కడుతోంది. నీళ్ల గిన్నెలు కారుతున్నాయేమో అనుకున్నాను.

డాక్టర్: గిన్నెలూ చూడండి. ఈకలు ఎలా ఉన్నాయి?

రైతు (సత్తుపల్లి): వీపు మీద సరిగా రాలేదు. చర్మం కనబడుతోంది. ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటున్నాయి.

డాక్టర్: ఈకకు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి. అవి మిథియోనిన్, సిస్టిన్. మిథియోనిన్ తగ్గితే ముందు ఈకల్లోనే తెలుస్తుంది. ఇక కళ్ల మంట సంగతి. ఇంట్లో ఆడవాళ్లు మల్లెలు, మరువం కలిపి దండ కడతారు కదా. ఇన్ని మల్లెలకు ఒక మరువం రెమ్మ అని లెక్క. మరువం అయిపోతే బుట్టలో ఎన్ని మల్లెలున్నా దండ అక్కడితో ఆగిపోతుంది. కోడి కండ కట్టుకోవడమూ అంతే. లైసిన్ అయిపోయిందంటే మిగిలిన అమైనో ఆమ్లాలను దాచుకునే చోటు దాని ఒంట్లో లేదు. వాటిని కాల్చేసి, నత్రజనిని యూరిక్ ఆమ్లంగా రెట్టలో వదిలేస్తుంది. దాన్ని బయటికి పంపడానికి నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఊక తడుస్తుంది, రెట్టలోని నత్రజని అమ్మోనియాగా మారుతుంది, మీ కళ్లు మండుతాయి. మీరు డబ్బు పెట్టి కొన్న మాంసకృత్తులే ఆ వాసన.

రైతు (సత్తుపల్లి): అయ్యో. అయితే సార్, లైసిన్ పొడి తెచ్చాను. నాలుగు రోజుల నుంచి వేస్తున్నాను. మిథియోనిన్ కూడా.

డాక్టర్: ఎంత వేస్తున్నారు?

రైతు (సత్తుపల్లి): బస్తాకు చెరో గుప్పెడు.

డాక్టర్: గుప్పెడు అంటే ఎన్ని గ్రాములు?

రైతు (సత్తుపల్లి): తూచలేదు సార్.

డాక్టర్: తూచి వేయాలండీ. ఈ పొడులను చేత్తో వేయకూడదు. కాగితం, కలం ఉన్నాయా? రాసుకోండి. భారతీయ ప్రమాణాల సంస్థ, అదే బీఐఎస్, 2007 ప్రమాణం ప్రకారం దాణాలో లైసిన్ మొదటి వారం 1.3 శాతం, మూడు వారాల వరకు 1.2, ఆ తర్వాత 1 శాతం ఉండాలి. మిథియోనిన్ మూడు వారాల వరకు 0.5, తర్వాత 0.45. ఇవి కనీస అంకెలు. ఇప్పుడు మీ వంద కిలోల దాణా. 60 కిలోల మొక్కజొన్నలో లైసిన్ 150 గ్రాములు. 15 కిలోల సోయాలో 420. వేరుశనగ చెక్కలో 225. మొత్తం?

రైతు (సత్తుపల్లి): 795.

డాక్టర్: మీ కోళ్లకు 24 రోజులు కాబట్టి 1,000 గ్రాములు కావాలి. లోటు 205. కానీ బజారులో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్ వంద గ్రాముల్లో అసలు లైసిన్ 78 గ్రాములే. కాబట్టి 260 గ్రాముల పొడి. మిథియోనిన్ పొడి దాదాపు స్వచ్ఛంగానే వస్తుంది, 180 గ్రాములు వేయండి. త్రియోనిన్ దొరికితే ఓ 100 గ్రాములు.

రైతు (సత్తుపల్లి): 260, 180, 100. రాశాను. సార్, ఒక అనుమానం. 260కి బదులు కిలో వేస్తే పోయిన బరువు త్వరగా రాదా?

డాక్టర్: రాదు. మరువం రెమ్మలు బుట్టెడు తెచ్చినా మల్లెలు ఉన్నంతవరకే దండ. లోటు పూడిన తర్వాత వేసిన ప్రతి గ్రామూ మళ్ళీ ఊకలోకే పోతుంది. మిథియోనిన్ విషయంలో ఇంకా జాగ్రత్త. అమైనో ఆమ్లాలన్నిటిలో ఎక్కువైతే బాగా చేటు చేసేది అదే. మేత తినడం మానేస్తాయి, ఎదుగుదల ఆగిపోతుంది.

రైతు (సత్తుపల్లి): సరే సార్. లైసిన్ వరకైనా కొంచెం ఎక్కువ వేయవచ్చా? అరకిలో?

డాక్టర్: చూడండి, మళ్ళీ అదే అడుగుతున్నారు. 260 గ్రాములు. తూచి వేయండి. పోయిన బరువు పూర్తిగా తిరిగి రాదు, కొంత వస్తుంది. అమ్మకం నాలుగైదు రోజులు వెనక్కి జరుపుకోవడానికి సిద్ధపడండి. కలపడం ఎలా? యంత్రం ఉందా?

రైతు (సత్తుపల్లి): లేదు సార్, గచ్చు మీద పారతో.

డాక్టర్: అయితే ఇది చాలా ముఖ్యం. వంద కిలోల కుప్ప మీద పావుకిలో పొడి చల్లి పారతో తిరగేస్తే ఒక కోడికి అంతా, ఇంకో కోడికి ఏమీ అందదు. ముందు పొడులన్నీ కిలో మొక్కజొన్న పిండిలో బాగా కలపండి. దాన్ని ఐదు కిలోల పిండిలో కలపండి. దాన్ని ఇరవై కిలోల్లో. ఆఖరున మొత్తం కుప్పలో. వచ్చే బ్యాచ్‌కి మాత్రం సోయా మళ్ళీ 30కి తీసుకురండి. అప్పుడు కూడా మూడు వారాల వరకు వందకు 270 గ్రాముల లైసిన్ పొడి, 210 గ్రాముల మిథియోనిన్ పడుతుంది. మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఒకే దాణా పెట్టడం కూడా మానుకోవాలి, పిల్లలకు సోయా ఇంకా ఎక్కువ కావాలి. ఇంకొకటి, ఆ వేరుశనగ చెక్క వాసన చూశారా? బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాలేయం పాడవుతుంది. అప్పుడు ఏ పొడీ పనిచేయదు.

రైతు (సత్తుపల్లి): చెక్క కొంచెం...

వ్యాఖ్యాత: క్షమించండి, చాలామంది వేచి ఉన్నారు. ధన్యవాదాలు. తర్వాతి ఫోను షాద్‌నగర్ నుంచి.

రైతు (షాద్‌నగర్): నమస్కారం సార్. మాది కంపెనీ ఫారం, 5,000 కోళ్లు. పిల్లలు, దాణా, మందులు వాళ్లే ఇస్తారు, కిలోకు ఇంత అని మాకు పెంపకం కూలి. దుకాణంలో నీళ్లలో కలిపే అమైనో ఆమ్లాల టానిక్ అమ్ముతున్నారు. వేస్తే బరువు పెరుగుతుందా?

డాక్టర్: వేయకండి. కంపెనీ దాణాలో లైసిన్, మిథియోనిన్, త్రియోనిన్ లెక్క కట్టే కలుపుతారు. లోటు లేనిచోట పోస్తే ఎక్కడికి పోతుందో ఇప్పుడే చెప్పాను. మీ చేతిలో ఉన్న పని వేరు. ఏడో రోజు పిల్ల బరువు ఎంత వస్తోంది?

రైతు (షాద్‌నగర్): 140, 145 వస్తోంది.

డాక్టర్: వచ్చినప్పటి బరువుకు నాలుగింతలు దాటాలి, అంటే 170 పైన. మీ లోపం బ్రూడింగ్‌లో, అంటే మొదటి రోజుల్లో పిల్లలను వెచ్చగా ఉంచి సాకడంలో ఉంది. పిల్లలు దిగిన మొదటి రాత్రి పది పిల్లల మేతసంచి వేలితో తడిమి చూడండి. మెత్తగా, నిండుగా ఉండాలి. ఖాళీగా ఉంటే వేడి చాలలేదనో, నీళ్లు అందలేదనో అర్థం. టానిక్ డబ్బు బొగ్గుకు, గ్యాసుకు పెట్టండి.

రైతు (షాద్‌నగర్): దుకాణం అతను ఫలానా కంపెనీ టానిక్ మంచిదని...

డాక్టర్: పేరు వద్దు. ఏ కంపెనీదైనా నా జవాబు ఇదే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తణుకు నుంచి ఫోను.

రైతు (తణుకు): సార్, సోయాలో యూరియా కలుపుతున్నారంటున్నారు. నిజమేనా? ఎలా తెలుస్తుంది?

డాక్టర్: కలిపేవాళ్లు ఉన్నారు. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి 6.25తో గుణించి మాంసకృత్తులు అంటారు. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే ఒక కిలో యూరియా కాగితం మీద 2.87 కిలోల మాంసకృత్తులుగా కనబడుతుంది. పుల్లా పుడకా కలిపి నాసిరకం చేసిన సోయాకు క్వింటాలుకు ఒక కిలో యూరియా చల్లితే పరీక్షలో నెగ్గుతుంది. కోడి కడుపుకు మాత్రం అందులో లైసిన్ ఒక్క గ్రాము లేదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను, శాతం చూసి మోసపోకండి. రాజేంద్రనగర్, కోరుట్ల, గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు, ఇలా మీకు దగ్గరలో ఉన్న పశువైద్య కళాశాలను సంప్రదించి యూరియా పరీక్ష విడిగా అడగండి. రంగూ చూడండి. గోధుమ రంగు ముదిరి మాడు వాసన వస్తే లైసిన్ వేడికి దెబ్బతిన్నట్టే. పచ్చిగా, చిక్కుడు వాసనతో ఉంటే మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఇంకా పోలేదు, కోడికి అరగదు.

వ్యాఖ్యాత: తర్వాత కరీంనగర్... హలో? హలో? ఫోను కట్ అయినట్టుంది. పలమనేరు నుంచి ఒక అమ్మ ఉన్నారు.

మహిళ (పలమనేరు): నమస్కారం సార్. మావి నాటుకోళ్లు, ఇరవై ఉంటాయి. మేము కూడా ఈ పొడులు కలపాలా?

డాక్టర్: వద్దమ్మా. పెరట్లో, దిబ్బ మీద తిరుగుతున్నాయా?

మహిళ (పలమనేరు): రోజంతా బయటే సార్. పిల్లలకు మా అత్తగారు చెదలు వేస్తారు. పాత కుండలో పేడ, తడి గోనె ముక్క పెట్టి సాయంత్రం పుట్ట దగ్గర బోర్లిస్తారు. తెల్లారేసరికి కుండ నిండా చెదలు.

డాక్టర్: ఎంత మంచి మాట చెప్పారమ్మా! లైసిన్, మిథియోనిన్ అన్నీ ఆ కుండలోనే ఉన్నాయి. మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. నూకలు ఒక్కటే వేసి పెంచితే లోటు వస్తుంది కానీ, పురుగూ పుట్రా, ఆకూ అలమూ తినే కోడి తనకు కావలసినవి తానే ఏరుకుంటుంది. పైగా అది బ్రాయిలర్‌లా రోజుకు అరవై, డెబ్బై గ్రాములు పెరిగే జాతి కాదు, దాని అవసరమే తక్కువ. పిల్లలకు నెలన్నర వరకు కాస్త పిల్లల దాణా వేయండి, చాలు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. వరంగల్ నుంచి ఒక విద్యార్థి.

విద్యార్థి (వరంగల్): సార్, ఈ పొడులు హార్మోన్లా? ఆ మాంసం తింటే ప్రమాదమా?

డాక్టర్: హార్మోన్లు కావు బాబూ. లైసిన్, త్రియోనిన్‌లను చక్కెర, పిండి పదార్థాలను సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తారు. మిథియోనిన్‌ను రసాయన పద్ధతిలో తయారుచేస్తారు. నువ్వు తినే పప్పులో, పెరుగులో, గుడ్డులో ఉన్న లైసిన్, మిథియోనిన్‌లే అవి. కోడి వాటితో కండ కట్టుకుంటుంది. బ్రాయిలర్ త్వరగా పెరగడానికి కారణం దశాబ్దాల జాతి ఎంపిక, దానికి తగిన దాణా. భయపడకుండా తిను.

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. ఆఖరి ఫోను. చెప్పండి.

రైతు (సత్తుపల్లి): సార్, నేనే, సత్తుపల్లి నుంచి. ఇందాక చెప్పబోయాను. చెక్క రెండు బస్తాలు అడుగున కొంచెం బూజు వాసన వచ్చింది.

డాక్టర్: ఆ రెండూ తీసేయండి. ఎండబెట్టి వాడదామని చూడకండి, ఎండకు బూజు పోయినా విషం పోదు. పశువులకు కూడా పెట్టకండి.

రైతు (సత్తుపల్లి): సరే సార్, ఈ పూటే తీసేస్తాను. ఇంకొక్కటి. మా దగ్గర బస్తాలు తూచే కాటా ఒక్కటే ఉంది. 260 గ్రాములు దాని మీద తెలియదు. ఏం చేయమంటారు?

డాక్టర్: పక్కన కిరాణా కొట్టు ఉంది కదా. ఏలకులు, మిరియాలు తూచే చిన్న కాటా వాళ్ల దగ్గర ఉంటుంది. పొడులు అక్కడికి తీసుకెళ్లి, వంద కిలోల దాణాకు ఒక పొట్లం చొప్పున వారానికి సరిపడా కట్టించుకోండి. పొట్లం మీద పేరు రాయండి, రెండూ తెల్లగానే ఉంటాయి.

రైతు (సత్తుపల్లి): 260, 180.

డాక్టర్: 260 లైసిన్, 180 మిథియోనిన్. తారుమారు చేయకండి.

వ్యాఖ్యాత: డాక్టర్ గారికి, ఫోన్ చేసిన వారికి ధన్యవాదాలు. నమస్కారం.