యెన్ సామానుకు డాలరు ధర కట్టకండి

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, హాలు ఇచ్చినవారికి, పొద్దున్నే వచ్చి స్పీకర్లు మోసి తీగలు కలిపిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ఆదివారం పూట ఈ చెన్నైలో తాంబరం నుంచీ అంబత్తూరు నుంచీ ఇంతమంది వచ్చారు. వెనక నిలబడ్డవాళ్లకు ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి.

నాకిచ్చిన విషయం రూపాయి మారకపు రేటు, మన ఆడియో సామాను. బయటినుంచి తెప్పించుకోవడం, మనలో మనం కొనడం అమ్మడం, బయటిదేశానికి అమ్మడం అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటిది లెక్కతో మొదలవుతుంది. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి, లేనివాళ్లు ఫోన్లో క్యాలుక్యులేటర్ తెరవండి.

ఒక డ్యాక్, అంటే డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు అందే సంకేతంగా మార్చే పెట్టె, 400 డాలర్లు. పంపే ఖర్చు 50. లెక్క తేలిగ్గా ఉండాలని డాలరు 90 రూపాయలనుకుందాం. ఫోన్లో చూసి ‘400 ఇంటూ 90, ముప్పయ్యారు వేలు’ అంటాం. ఆ ముప్పయ్యారు వేలకు ఆ డ్యాక్ మన గుమ్మం తొక్కదు. కార్డు మీద 450 డాలర్లు పడతాయి, అంటే 40,500. దాని మీద చాలా కార్డులు 3.5 శాతం ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కట్టినందుకు అదనపు రుసుము, వేస్తాయి, 1,417 రూపాయల 50 పైసలు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 255. మొత్తం 42,173. ఇంతవరకూ బ్యాంకు పని.

ఇక కస్టమ్స్. అక్కడ రేటు బ్యాంకుది కాదు, ఫోన్లో కనబడేదీ కాదు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు రేటు వేరు. నెలలో మొదటి గురువారం, మూడో గురువారం అది కొత్తగా వస్తుంది. దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి. మీ పార్సెల్‌కు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి పత్రం, వేసిన రోజున ఏ రేటు అమల్లో ఉంటే అదే పడుతుంది. మీరు ఎప్పుడు కొన్నారన్నదానితో సంబంధం లేదు. ఆ రేటు 91 అనుకోండి. వస్తువు 400, రవాణా 50, బీమా విడిగా తెలియకపోతే వస్తువు విలువలో 1.125 శాతం, అంటే నాలుగున్నర డాలర్లు. మొత్తం 454.50. దాన్ని 91తో గుణిస్తే 41,360. సుంకం శాతాలు బడ్జెట్ బడ్జెట్‌కీ, వస్తువు వస్తువుకీ మారతాయి. లెక్క కోసం మూల సుంకం 10 అనుకుందాం. దాని మీద పదో వంతు సర్‌ఛార్జి, ఆపైన విలువ, సుంకం, సర్‌ఛార్జి కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. అంతా కలిపితే 30.98 శాతం, 12,813 రూపాయలు. ఇంటికి చేరేసరికి దాదాపు 55,000. కొరియర్‌వాడి క్లియరెన్స్ ఫీజు ఇంకా కలపలేదు.

ఇందులో అసలు గమనించాల్సింది వేరే ఉంది. డాలరు ఒక్క రూపాయి పెరిగితే మీకెంత పెరుగుతుంది? వస్తువు 400 డాలర్లు కదా, 400 రూపాయలు అంటారు. కాదు. కార్డు వైపు 469, సుంకం వైపు 141, మొత్తం 610. రవాణా మీదా, మార్కప్ మీదా, పన్ను మీదా కూడా రేటు పనిచేస్తుంది. ‘డాలరు రెండు రూపాయలే కదా పెరిగింది’ అనేవాళ్లు ఈ 610ని రెండుతో గుణించి చూసుకోండి.

బరువైన ఆంప్లిఫయర్ విమానంలో తెప్పించేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. విమాన రవాణా ఖర్చు నిజంగా ఎంతయినా, సుంకం లెక్కలో వస్తువు విలువలో 20 శాతానికి మించి కలపకూడదని కస్టమ్స్ విలువ నిర్ధారణ నియమాల్లో ఉంది. 500 డాలర్ల ఆంప్‌కు 220 డాలర్ల రవాణా అయితే, సుంకం లెక్కలోకి రావాల్సింది 100 మాత్రమే. కొరియర్ వేసిన లెక్క కాగితం అడిగి తీసుకుని ఆ వరస చూడండి. అడగడం మన హక్కు.

కొన్ని సైట్లు డబ్బు కట్టేచోట ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడుగుతాయి. సాయం చేస్తున్నట్టే ఉంటుంది. ఆ రేటులో వాళ్ల లాభం కలిపి ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ అమ్మేవాడి కరెన్సీలోనే కట్టండి. సామాను వెనక్కి పంపితే డాలర్లు పూర్తిగా వెనక్కొచ్చినా, రూపాయలు అంతే రావు. వాపసు రోజు రేటు వేరు, పోయిన మార్కప్ పోయినట్టే. విలువ తక్కువ చూపించమనీ, ‘గిఫ్ట్’ అని రాయమనీ అమ్మేవాణ్ని అడగొద్దు. అది చట్టవిరుద్ధం. పైగా దారిలో పగిలితే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది. వాడిన సామాను తెప్పించడానికి విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్నాయి, డబ్బు కట్టకముందే కస్టమ్స్ బ్రోకర్ని కనుక్కోండి.

రెండో భాగానికొస్తున్నాను. నేనిక్కడికి వచ్చిందే దీనికోసం. మనలో మనం చేతులు మార్చుకునే సామాను. ఈ ఊళ్లో జపాన్ సామాను మీద మోజు ఈనాటిది కాదు. బర్మా బజారులో టేప్ డెక్కులు కొన్న తరం ఇక్కడే కూర్చుని ఉంది. ఇవాళ మనవాళ్లు అమ్మకానికి పెట్టే ఆంప్‌లు, నీడిల్ బిగించే క్యాట్రిడ్జ్‌లు, రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్లు సగం జపాన్‌వే. ధర అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘నేను కొన్నప్పుడు డాలరు 55, ఇప్పుడు చూడండి ఎంతుందో.’

అయ్యా, ఆ సామాను పుట్టింది జపాన్ కరెన్సీ యెన్‌లో. డాలరు పెరిగితే యెన్ కూడా పెరిగిందని ఎవరు చెప్పారు?

మామూలు భాగహారం చేద్దాం. ఒక యెన్‌కు ఎన్ని రూపాయలో తెలియాలంటే, డాలరుకు ఎన్ని రూపాయలో దాన్ని డాలరుకు ఎన్ని యెన్‌లో దానితో భాగించాలి. 2012 జులైలో డాలరు దాదాపు 55.50 రూపాయలు, దాదాపు 79 యెన్‌లు. భాగిస్తే 100 యెన్‌లకు 70 రూపాయలు. 2024 జులై మొదట్లో డాలరు 83.50 రూపాయలు, 161 యెన్‌లు. భాగిస్తే 100 యెన్‌లకు 52 రూపాయలు. డాలరు మీద రూపాయి అంత పడిపోయిన ఆ పన్నెండేళ్లలోనే యెన్ మీద రూపాయి బలపడింది. ఎందుకంటే డాలరు ముందు రూపాయికన్నా యెన్ ఎక్కువ పడిపోయింది.

ఇప్పుడు లక్షా యాభై వేల యెన్‌ల ఆంప్ తీసుకోండి. 2012లో అది 1,05,000 రూపాయలు. అప్పటి డాలర్లలో దాదాపు 1,900. 2024 జులైలో అమ్మేవాడు డాలరు లెక్క వేస్తే 1,900 ఇంటూ 83.50, అంటే 1,58,650. అదే యెన్‌లలో వేస్తే 78,000. ఒకే ఆంప్, ఒకే రోజు. తేడా 80,000 రూపాయలు! ఆ 80,000 ఎవరు కడుతున్నారో చూడండి. మొదటి ఉద్యోగంలో చేరి, నాన్నగారి ఘంటసాల రికార్డులు సరిగ్గా వినాలని ఆశపడే కుర్రాడు కడుతున్నాడు. ఈ అభిరుచిలోకి కొత్తవాళ్లు రావడం లేదని మనమే బాధపడతాం. ఎలా వస్తారు?

అమ్మేవాళ్లంతా మోసగాళ్లని నేననను. చాలామంది నమ్మే చెబుతారు, డాలరొక్కటే పేపర్లో కనబడుతుంది కాబట్టి. వాళ్ల వైపు న్యాయమూ ఉంది. జపాన్ కంపెనీలు ఈ మధ్య యెన్ ధరలే పెంచాయి. ఇక్కడి డీలరుకు కొన్ని కంపెనీలు బిల్లు డాలర్లలోనే వేస్తాయి. అలాంటప్పుడు డాలరు లెక్కే సరైనది. కాబట్టి చేయాల్సిన పని ఇది. అమ్మేవారు చీటీ మీద మూడు రాయాలి: తయారైన దేశం, కొన్నప్పటి బిల్లు ఏ కరెన్సీలో ఉంది, ఇవాళ అదే సామాను లేదా దాని తర్వాతి మోడల్ అక్కడ కొత్తది ఎంత. ఆ మూడో అంకెను ఇవాళ్టి యెన్ రేటుతో గుణించి, రవాణా, సుంకం కలిపితే కొత్తది ఇంటికి చేరే ధర వస్తుంది. వాడిన సామాను ధర అక్కడినుంచి కిందికి దిగాలి. ఆంప్‌లో గాజు వాల్వులు ఎంత అరిగాయి, నీడిల్ ఎన్ని గంటలు తిరిగింది, కెపాసిటర్లు ఎప్పుడు మార్చారు, రిమోట్ ఉందా లేదా అన్నవి చూసి దించుకోవాలి. పాత బిల్లు మీదనుంచి పైకెక్కే లెక్క ఏ కరెన్సీలోనూ సరైనది కాదు. కొనేవారు మొహమాటపడకుండా అడగండి: ‘అంకుల్, ఇది యెన్ బిల్లా, డాలరు బిల్లా?’ ఆ ఒక్క మాట అడగండి చాలు.

అలాగని యెన్ ఎప్పుడూ చవగ్గానే ఉంటుందని కూర్చోవద్దు. 2024 జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచింది. ఆగస్టు 5న డాలరుకు 142 యెన్‌లదాకా వచ్చేసింది. 100 యెన్‌లు 52 రూపాయల నుంచి 59కి. మన 78,000 ఆంప్ దాదాపు నెల రోజుల్లోనే 88,500 అయింది, మన రూపాయి మాత్రం డాలరు ముందు పెద్దగా కదల్లేదు. డాలరు మీదే కన్నేసిన మనిషికి ఈ దెబ్బ ఎక్కడినుంచి తగిలిందో కూడా తెలియదు.

జపాన్ మాట వచ్చింది కాబట్టి కరెంటు సంగతి కూడా. అక్కడ 100 వోల్టులు, మన దగ్గర 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 200 వాట్లు లాగే ఆంప్‌కు 300 వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్ల సామర్థ్యం, తక్కువలో తక్కువ, 500 అయితే అంతగా వేడెక్కదు. రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు రెండు వైండింగులూ విడివిడిగా ఉన్నదే అడగండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవక, కానీ ఇంటి మెయిన్స్ కరెంటు నుంచి ఆంప్‌ను విడదీయదు. అంతకన్నా మోసపోయేది టర్న్‌టేబుల్ దగ్గర. టోక్యో వైపు కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవర్తనాలు, ఒసాకా వైపు 60. కరెంటు హెర్ట్జ్‌ను బట్టే తిరిగే ఏసీ సింక్రనస్ మోటారున్న పాత బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, ఒసాకా వైపు కప్పీతో వస్తే, ఇక్కడ 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓ చుట్ల బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. సుశీలమ్మ గొంతు మగగొంతులా వినబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది కానీ హెర్ట్జ్ మార్చదు. 50 హెర్ట్జ్ కప్పీ దొరుకుతుందని తేలాకే కొనండి. యెన్ చవకలో మిగిలిందంతా ఆ చిన్న ఇత్తడి కప్పీ తినేయొచ్చు.

సమయం అయిపోతోందని చీటీ వచ్చింది. స్పీకర్లు సొంతంగా కట్టుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పి మూడో భాగంలోకి వెళతాను. స్కాన్‌స్పీక్ డ్రైవర్లు, అంటే స్పీకరు పెట్టెలో బిగించే మోగే యూనిట్లు, డెన్మార్క్‌వి. డేనిష్ క్రోన్ యూరోకు కట్టేసి ఉంటుంది, యూరోకు 7.46 దగ్గర, కాబట్టి యూరో ఒక్కటి చూస్తే చాలు. సియాస్ డ్రైవర్లు నార్వేవి, అక్కడి క్రోన్ విడిగా తిరుగుతుంది. పేరొకటే, కరెన్సీలు వేరు. బిల్లు యూరోలో వేశారా, క్రోన్‌లోనా అని చూడండి. జేజే వాల్వులు స్లొవాకియావి, అక్కడ 2009 నుంచి యూరోనే. చైనా డ్యాక్‌లకు ఖర్చు యువాన్‌లో, ధర డాలర్లలో. యువాన్ పడినంత మాత్రాన డాలరు ధర వెంటనే తగ్గదు. బ్రిటన్ సామాను కావలసినవాళ్లు పౌండు పడినప్పుడు పట్టుకోవాలి. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటు మర్నాడే పౌండు 1.50 డాలర్ల నుంచి 1.32దాకా జారింది. అలాంటి రోజున బ్రిటన్ దుకాణంలో పౌండు ధర ఇంకా మారి ఉండదు. ఇక్కడి దుకాణంలో మాత్రం ధరలు ఎక్కినంత వేగంగా దిగవు. 2013 మేలో 54 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది, అక్టోబరుకల్లా మళ్లీ 61, 62. ఆగస్టు ధరల పట్టీ పట్టుకుని అక్టోబరులో బేరం చేసినవాళ్లు తేదీ చూపించి అడగాల్సింది.

ఇక బయటికి అమ్మడం. పాత ఇళ్లల్లో గ్యారార్డ్ 301, 401 టర్న్‌టేబుళ్లు ఇంకా దొరుకుతున్నాయి, బయటివాళ్లు అడుగుతారు. ధర డాలర్లలోనో పౌండ్లలోనో చెప్పండి, ‘ఈ ధర ఏడు రోజులకే’ అని రాయండి. రవాణా మాత్రం రూపాయల్లో తూకం వేయించాకే చెప్పండి. రికార్డు పెట్టే పళ్లెం, ప్లాటర్, విప్పి విడిగా కట్టాలి, లేకపోతే దారిలో బేరింగు పోతుంది. బ్యాంకు మీకిచ్చేది టీటీ బయింగ్ రేటు, అంటే బయటినుంచి వచ్చిన డాలర్లను బ్యాంకు కొనే రేటు, ఫోన్లో కనబడేదానికన్నా తక్కువ. డబ్బు దారిలో దాటే మధ్యబ్యాంకు కోత కూడా ఉంటుంది, ఆ ఖర్చులన్నీ డబ్బు పంపేవాడే భరించేలా ‘అవర్’ పద్ధతిలో పంపమనండి. డబ్బు రూపాయల్లో ఖాతాలో పడ్డాకే పెట్టె పంపండి. తాతలనాటి గ్రామఫోన్ అమ్మాలనుకునేవాళ్లు దాని వయసు ముందు తేల్చుకోండి. నూరేళ్లు దాటితే 1972 చట్టం కింద అది పురావస్తువు, మామూలు మనిషి దేశం దాటించకూడదు.

ప్రశ్నలున్నవాళ్లు అడగండి. బిల్లులు తెచ్చుకున్నవాళ్లు ముందు రండి, మీ కరెన్సీలోనే లెక్క వేసి చూపిస్తాను.