మన బాకీ ఎవరి చేతిలో ఉంది? (చిత్తూరు మామిడి రైతుల సమావేశంలో ప్రసంగం)

పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

తోతాపురి కాయ ట్రాక్టరుకెత్తి గుజ్జు ఫ్యాక్టరీకి తోలేస్తాం. డబ్బులు తర్వాత ఇస్తామంటారు. ఏడాది తిరిగేసరికి కంపెనీ దివాలా అంటారు. అప్పుడు యజమానిని అడిగి లాభం లేదు. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్, మనకైతే అమరావతి బెంచి, ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను, అంటే దివాలా కంపెనీ వ్యవహారాలు చూసే నిపుణుణ్ణి, నియమిస్తుంది. గోడౌను తాళాలు, బ్యాంకు ఖాతా, లెక్కల పుస్తకాలు అన్నీ ఆయన చేతికే పోతాయి. మనకు రావలసిన బాకీ ఎంతో ముందుగా తేల్చేదీ ఆయనే.

కంపెనీని ఏం చేయాలో తేల్చే రుణదాతల కమిటీలో బ్యాంకులకు ఓటు ఉంది. కాయ ఇచ్చిన రైతుకు, డబ్బాలు ఇచ్చిన వ్యాపారికి లేదు. అందుకే ఆ ఒక్క మనిషి నిజాయితీ మీదే మన ఆశంతా. పాత యజమానితోనో, కంపెనీని కొనబోయేవాళ్లతోనో ఆయనకు లోపాయికారీ సంబంధం ఉంటే మనం మునిగినట్టే.

లంచం తీసుకుంటేనే తప్పు అనుకుంటాం. అది పొరపాటు. అమెరికాలో హ్యూస్టన్ దివాలా కోర్టు జడ్జి డేవిడ్ జోన్స్ 2023లో రాజీనామా చేశారు. గతంలో తన దగ్గర పనిచేసిన లాయరుతో ఆయనకు ప్రేమ సంబంధం ఉంది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆమె పనిచేసిన లా సంస్థ కేసులు ఆయన ముందుకే వచ్చాయి. ఆ సంస్థ ఫీజులను ఆమోదించిందీ ఆయనే. ఈ సంబంధం మాత్రం బయటపెట్టలేదు. ఆ ఫీజు ఎవరి డబ్బు? బాకీ రావలసినవాళ్లకు పోవలసిన సొమ్ము. మన దగ్గర కూడా కంపెనీని అమ్మేస్తే ముందు ఖర్చులు, ఫీజులు తీస్తారు. తర్వాత కార్మికులు, బ్యాంకులు. మనం ఎక్కడో చివర.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి ఒకటుంది. నేను లెక్కలు రాసే ఒక చిన్న వ్యాపారి, దివాలా తీసిన కంపెనీ నుంచి తనకు రావలసిన బాకీ కోసం క్లెయిము వేశాడు. కంపెనీ ఆస్తికి వెల కట్టిన మనిషి ఆ కేసులోని ప్రొఫెషనల్‌కు మేనల్లుడని ఆర్నెల్లకు గానీ తెలియలేదు. బంధువుతో వెల కట్టించకూడదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అడిగినవాళ్లే లేరు! అందరూ అలాంటివారని నేను అనను. కానీ ఆ వ్యాపారి రాత్రిళ్లు నిద్రపట్టక పడ్డ టెన్షన్ నేను చూశాను.

నియామకమైన 3 రోజుల్లో కంపెనీతో తనకున్న సంబంధాలను రిజల్యూషన్ ప్రొఫెషనల్ తన ఏజెన్సీకి, అంటే తాను సభ్యుడిగా ఉన్న వృత్తి సంస్థకు, తెలపాలి. అది ఏజెన్సీ వెబ్‌సైట్లో పెడతారు. పిల్లల చేత ఫోన్లో తీయించి చూడండి. అనుమానం వస్తే, ఈ ప్రొఫెషనల్స్ మీద నిఘా ఉంచే ఢిల్లీలోని ఇన్‌సాల్వెన్సీ బోర్డుకు ఆధారాలతో ఫిర్యాదు పంపండి. రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం దానికి ఉంది. కావాలని చట్టం తప్పారని కోర్టులో రుజువైతే 6 నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

ముందు మన క్లెయిము పడాలి. దానికి మొదటి గడువు, ఆయన నియమితులైన రోజు నుంచి 14 రోజులు. కాయ తూచే ర్యాంపు దగ్గర ఇచ్చిన తూకం చీటీలు తెచ్చుకున్నారు కదా? ఒక్కొక్కరే ముందుకు రండి, ఫారాలు ఇక్కడే కూర్చుని నింపుదాం.