పాలవిరామం అడగొద్దు, తెలియజేయండి

అందరికీ నమస్కారం.

ప్రసూతి సెలవు 26 వారాలని మీ అందరికీ తెలుసు. ఆ సెలవు అయిపోయే రోజుకు బిడ్డ వయసెంత ఉంటుందో మాత్రం చాలామంది లెక్క వేసుకోరు. కాన్పుకు ముందే 8 వారాలు వాడేస్తే మిగిలేవి 18. అంటే మీరు మళ్లీ డ్యూటీలో చేరేనాటికి బిడ్డకు నాలుగు నెలలు దాటి కొద్దిరోజులే. ఆరు నెలల దాకా తల్లిపాలే ఇమ్మని డాక్టర్లు చెబుతారు. డాక్టరు విశ్రాంతి రాయకపోతే, ఒంట్లో ఓపిక ఉంటే, కాన్పుకు రెండు వారాల ముందు సెలవు పెట్టుకోండి. బిడ్డ దగ్గర ఐదున్నర నెలలు ఉండొచ్చు. మూడో కాన్పు వాళ్లకు మొత్తం 12 వారాలే కాబట్టి వాళ్లకు ఈ లెక్క మరీ ఇరుకు.

ఇక పాల సంగతి. ఆరు నెలల లోపు బిడ్డ రోజుకు దాదాపు 750 మిల్లీలీటర్లు తాగుతుంది, అంటే గంటకు 30 చొప్పున. ఆఫీసు, బస్సు కలిపి మీరు పది గంటలు ఇంట్లో లేకపోతే 300 కావాలి. ఒక్కసారి పిండితే వంద వస్తుందనుకుందాం, మూడుసార్లు పిండాలి. చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలవిరామాలు, అంటే బిడ్డ పాల కోసం పని మధ్యలో తీసుకునే విరామాలు, ఇస్తోంది. అవి భోజన విరామానికి అదనం. మొత్తం మూడు! ఎవరు లెక్క కట్టి రాశారో గానీ సరిగ్గా సరిపోయింది.

మరి ఎక్కడ చెడుతుంది? మధ్యాహ్నం మూడున్నరకు తీసుకోవాల్సిన రెండో పాలవిరామం దగ్గర. మొదటి వారం బాగానే గడుస్తుంది. రెండో వారం మీటింగు సాగుతుంది, లేవడానికి మొహమాటం. రొమ్ము బిగుసుకుంటుంది, సాయంత్రానికి రాయిలా అవుతుంది. పాలు లోపలే నిలిచిపోతే ఇంత అక్కర్లేదనుకుని ఒళ్లు తయారీ తగ్గించుకుంటుంది. పది రోజులకు వంద కాస్తా అరవై అవుతుంది. "నీకు పాలు చాలడం లేదమ్మా" అంటారు ఇంట్లో, డబ్బా పాలు వస్తాయి. పాలు చాలక కాదు, మీటింగు వల్ల. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. పాలు తీయడం మాత్రం ఆపొద్దు.

అందుకే చేరడానికి రెండు వారాల ముందే మేనేజరుకు మెయిల్ పంపండి. "ఫలానా తేదీన విధుల్లో చేరుతున్నాను. బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజూ 11:00కు, 3:30కు పాలవిరామం తీసుకుంటాను. గడియ పెట్టుకునే గది, ప్లగ్ పాయింటు, కుర్చీ ఏర్పాటు చేయగలరు." ఇంతే. "వీలైతే", "దయచేసి అనుమతిస్తే" వద్దు. అనుమతి అడిగితే అవతలివాళ్లు ఆలోచిస్తాం అంటారు. విరామం ఎన్ని నిమిషాలన్నది చట్టం నియమాలకు వదిలేసింది కాబట్టి మీకు 20 నిమిషాలు కావాలని మీరే రాసేయండి. బాత్రూములో పిండుకోమంటే ఒప్పుకోవద్దు. అక్కడ ఎవరైనా అన్నం తింటారా?

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. అది లేని చిన్న సంస్థల్లో పాలు పిండే పంపు, ఐస్ బాక్సే దిక్కు. చేరే రోజు సోమవారం కాకుండా గురువారం పెట్టుకోండి. రెండు రోజులకే సెలవు వస్తుంది, తప్పులు దిద్దుకోవచ్చు.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో 4 గంటలు ఆగుతాయి. మన ఎండాకాలంలో ఆ మాట నమ్ముకోవద్దు. ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. సీసాకు 60 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు, పైన తేదీ, టైము రాయండి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేలా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచితే సరి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయాల్సిందే. మనసు చివుక్కుమంటుంది, తప్పదు.

పంపులో పాలు తగిలే భాగాలన్నీ ప్రతిసారీ సబ్బుతో కడగాలి. ఆఫీసులో కుదరదనిపిస్తే రెండో సెట్టు పట్టుకెళ్లండి. గాలి గొట్టంలోకి మాత్రం నీళ్లు పోనివ్వొద్దు, ఆరక బూజు పడుతుంది.

ఇంట్లో పట్టేవాళ్లకు సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, కడగడానికి మూలలుండవు. చేరడానికి పది రోజుల ముందే అలవాటు చేయండి. ఆ సమయంలో మీరు గదిలో ఉండొద్దు. అమ్మ వాసన తగిలితే బిడ్డ గిన్నె ముట్టదు. నాన్నో, అమ్మమ్మో, నాయనమ్మో పట్టాలి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి ఆగాలి. నోట్లో పోయకూడదు, బిడ్డే నాలుకతో లాక్కుంటుంది.